"ఐ7 ఉందా?" అని అడిగే ముందు: గేమింగ్ సిస్టమ్ విషయంలో అపోహలు - వాస్తవాలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి ఇంజినీరింగ్ క్లాసులు మొదలయ్యేదాకా సికింద్రాబాద్ సీటీసీలో మాకు ఊపిరాడదు. పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని అందరూ సీటీసీ అనే అంటారు. పన్నెండేళ్లుగా అక్కడ సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తున్నాను. నాన్న జేబులో డబ్బు ఉంటుంది, కొడుకు ఫోన్‌లో వీడియోలు చూసి రాసుకున్న లిస్టు ఉంటుంది. ఇద్దరూ కౌంటర్ దగ్గరికొచ్చి అడిగే మొదటి మాట మాత్రం ఒకటే: "ఐ7 ఉందా?"

ఐ3, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్ల పేర్లు, ప్రాసెసర్ అంటే సిస్టమ్‌కు మెదడు లాంటి చిప్. నేను ఎదురు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఏ గేమ్‌లు ఆడతావు? ఏ మానిటర్ మీద ఆడతావు? ఈ రెండూ తేలకుండా రాసిన కొటేషన్‌లో డబ్బులు ఎక్కడో ఒకచోట వృథా అవుతాయి. బడ్జెట్ తక్కువైన కొద్దీ ఆ వృథా ఎక్కువ నొప్పి పెడుతుంది. అందుకే రోజూ వినే అపోహల్ని ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఐ7 అంటే ఐ3 కన్నా ఎప్పుడూ గొప్పే

సూర్యాపేట వైపు నుంచి ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని, క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చారు. వేరేచోట కొన్న సిస్టమ్ అది. "అన్నా, ఐ7 అన్నారు, 16 జీబీ ర్యామ్ అన్నారు, వాలొరెంట్ గేమ్ ఓపెనే కావట్లేదు" అన్నాడు అబ్బాయి. ఆన్ చేస్తే స్క్రీన్ మీద వ్యాన్ 9001 అనే ఎర్రర్. లోపలున్నది ఐ7-2600. పేరు ఐ7 అన్నమాట నిజమే, కానీ అది 2011లో వచ్చిన ప్రాసెసర్. దాని మీద ఎలాగోలా విండోస్ 11 ఎక్కించి ఇచ్చారు. విండోస్ 11లో వాలొరెంట్ నడవాలంటే టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ ఆన్ అయ్యే ఏర్పాటు) రెండూ ఉండాలి. ఆ బోర్డులో టీపీఎం 2.0 లేదు, పెట్టే దారీ లేదు. ఆ మాట చెప్పేసరికి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కొడుకు మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదని చెప్పాను, నిజంగానే లేదు కూడా.

ఐ7 అన్న మాట పక్కనుండే నంబర్ అడగండి. 2600 అంటే రెండో తరం. 12100 అంటే పన్నెండో తరం. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లోనూ ఆ ఐ7లో లాగే నాలుగు కోర్లు (పని చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనులు). కానీ ఒక్కో కోర్ చేసే పని ఆ పాత ఐ7తో పోలిస్తే దాదాపు రెట్టింపు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకుంటుంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి "చవగ్గా పాత ఐ7" అనే బేరం ఇప్పుడు బేరమే కాదు.

నంబర్ చివరి అక్షరం కూడా చూసుకోవాలి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టనిదే డిస్‌ప్లే రాదు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600కి కూడా అంతే. 5600జీలో గ్రాఫిక్స్ ఉంటుంది. కార్డుకు ఇప్పుడు డబ్బు లేదు, ఆరు నెలలాగి కొంటాను అనేవాళ్లకు 5600జీ సరైనదే. ఇప్పుడే కార్డు కొంటుంటే మాత్రం 5600 తీసుకోండి. జీలో 16 ఎంబీ ఉండే ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఇందులో 32 ఎంబీ ఉంటుంది. గేమ్‌లలో ఆ తేడా తెలుస్తుంది.

అపోహ: గ్రాఫిక్స్ కార్డ్‌లో ఎన్ని జీబీ ఉంటే అంత పవర్

ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టించి కిందికి అర అంగుళం పైపు వేస్తే బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతుంది? జీబీలు ట్యాంకు లాంటివి. పైపు అంటే మెమరీ వేగం, ఆ సంగతి డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండదు. జీటీ 1030 అనే కార్డు ఒకే పేరుతో రెండు రకాలుగా వచ్చింది, రెండూ 2 జీబీనే. జీడీడీఆర్5 ఉన్నదాంట్లో మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, డీడీఆర్4 ఉన్నదాంట్లో 16.8 జీబీ. పేరు అదే, మెమరీ వేగం దాదాపు మూడో వంతు! 4 జీబీ డీడీఆర్3తో వచ్చే జీటీ 730ని ఇప్పటికీ గేమింగ్ కార్డ్ అని అంటగడుతున్నారు. అది 2014 నాటి కార్డు, అదనపు మానిటర్ తగిలించుకోవడానికి తప్ప గేమ్‌లకు పనికిరాదు.

అలాగే 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 కన్నా 8 జీబీ ఉన్న 4060 చాలా గేమ్‌లలో వేగంగా నడుస్తుంది. అలాగని జీబీలను అసలు పట్టించుకోవద్దని కాదు. కొత్త పెద్ద గేమ్‌లలో టెక్స్‌చర్స్ (వస్తువుల ఉపరితల వివరాలు) అల్ట్రాలో పెడితే 8 జీబీ నిండిపోయి ఆట ఆగి ఆగి నడుస్తుంది, ఒక మెట్టు తగ్గించుకోవాల్సి వస్తుంది. నా లెక్కలో గేమింగ్ సిస్టమ్‌కు పెట్టే డబ్బులో మూడో వంతుకు తగ్గకుండా కార్డుకే పోవాలి. ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగినా పర్లేదు, కార్డులో దిగకండి.

అపోహ: ఎస్ఎంపీఎస్ ఏదైనా ఒకటే, క్యాబినెట్‌తో వచ్చేది చాలు

ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఎస్ఎంపీఎస్ అంటే సిస్టమ్‌లో అన్నిటికీ కరెంటు అందించే డబ్బా.

ఎల్బీనగర్ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మ్యాచ్ వేడెక్కగానే సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. విండోస్ మూడుసార్లు వేయించాడు, ర్యామ్ మార్పించాడు, గ్రాఫిక్స్ కార్డ్ పోయిందేమోనని నిద్ర లేకుండా టెన్షన్ పడ్డాడు. నేను ఎస్ఎంపీఎస్ ఊడదీసి చేతిలో పట్టుకున్నాను. ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. మీద 450 వాట్లు అని పెద్ద స్టిక్కర్. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పదహార్లు 192. కార్డు, ప్రాసెసర్ రెండూ తాగేది ఆ 12 వోల్టుల లైను నుంచే. అతని కార్డు ఆర్‌ఎక్స్ 6600, దానికే 132 వాట్లు. 65 వాట్ల ప్రాసెసర్ అని రాసి ఉన్న రైజెన్ 5600 లోడ్‌లో 76 వాట్ల దాకా లాగుతుంది. మొత్తం 208. మదర్‌బోర్డ్, ఫ్యాన్లు ఇంకా లెక్కలోకే రాలేదు. మంచి కంపెనీది 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ పెట్టాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

కొనేటప్పుడు 12 వోల్టుల గడి చూసి ఆ అంకెను 12తో గుణించండి. వచ్చిన సంఖ్య పైన రాసిన వాట్లకు దగ్గర్లో ఉంటే ఆ కంపెనీ నిజం రాసినట్టు. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తులు. షార్ట్ అయితే కాపాడుతుందని ఇచ్చే హామీలు కావు. కాకపోతే పరీక్ష పాసై ఆ గుర్తు తెచ్చుకున్న కంపెనీలు లోపల సామాను కూడా కాస్త మెరుగ్గానే పెడతాయి.

యూపీఎస్‌దీ ఇదే కథ. 600 వీఏ అని రాసి ఉంటే అసలు వాట్లు చాలావాటిలో 360. ఇంట్లో ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే మంచి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని కరెంటు పోయిన క్షణంలో ఆఫ్ అయిపోతాయి. అది ఎస్ఎంపీఎస్ తప్పు కాదు. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండాలి.

ఇంకో ఫిర్యాదు హాస్టల్ పిల్లల నుంచి ఎక్కువగా వస్తుంది. "అన్నా, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది." మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి ఉంటారు, లేదా గోడలో మూడో రంధ్రానికి వైరే ఉండదు. ఎర్తింగ్ లేకపోతే ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీద దాదాపు 115 వోల్టులు నిలబడతాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ ఎస్ఎంపీఎస్ లోపల నిజంగా షార్ట్ అయిన రోజున మనిషిని కాపాడేది ఆ మూడో వైరు ఒక్కటే. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ వేయించాకే సిస్టమ్ ఆన్ చేయండి. అమ్మానాన్నలకు ఈ ఒక్క మాట చేతులు పట్టుకుని చెబుతాను.

అపోహ: హైదరాబాద్ ఎండలకు లిక్విడ్ కూలర్ తప్పనిసరి

అవసరం లేదు. 65 వాట్ల ప్రాసెసర్‌కు డబ్బాలో వచ్చే కూలరే సరిపోతుంది. ఫ్యాన్ చప్పుడు నచ్చకపోతే చిన్న టవర్ కూలర్ చాలు. గదిలో 40 డిగ్రీలు ఉంటే లిక్విడ్ కూలర్ అయినా దానికన్నా కిందికి దించలేదు. ముందు భాగం మొత్తం అద్దంతో మూసేసిన క్యాబినెట్ కొని, లోపల లైట్ల ఫ్యాన్లు ఆరు పెట్టినా గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? ముందు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి. నెలకోసారి దుమ్ము దులపండి.

అపోహ: 16 జీబీ ర్యామ్ ఎలా పెట్టినా 16 జీబీనే

ఒకే స్టిక్ అయితే ప్రాసెసర్‌కు ఒక దారి, రెండు 8 జీబీలైతే రెండు దారులు. కార్డు లేకుండా 5600జీ లాంటివాటి మీద ఆడేవాళ్లకు ఇది చాలా పెద్ద తేడా. ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోదాంట్లో పెట్టాలి. తర్వాత బయాస్ అనే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లోకెళ్లి, ర్యామ్‌ను రాసి ఉన్న వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. లేకపోతే 3200 అని కొన్న స్టిక్ 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉండొచ్చు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అంత డబ్బు పోసి కొన్నదాన్ని తక్కువ వేగంతో వాడటం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ఖరీదైన ఎస్ఎస్‌డీ పెడితే ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది

పెరగదు. ఎఫ్‌పీఎస్ అంటే గేమ్‌లో సెకనుకు వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు. హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారితే లోడింగ్‌లో పగలు రాత్రి తేడా ఉంటుంది. మామూలు ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్ఎస్‌డీ)కి, టాప్ మోడల్‌కి మధ్య మాత్రం గేమ్‌లలో సెకన్ల తేడాయే. మిగిలిన డబ్బుతో 500 జీబీ బదులు 1 టీబీ తీసుకోండి.

అపోహ: మైనింగ్‌లో వాడిన కార్డ్ ఎప్పుడైనా చచ్చిపోతుంది

2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ పద్ధతి మారి, కార్డులతో లెక్కలు చేయించి దాన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక అవన్నీ సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. అన్నీ చెడ్డవి కావు. సాధారణంగా ముందు అరిగేవి ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్‌లు, అవి మార్చుకోవచ్చు. నాకు అంతకన్నా భయం నకిలీ కార్డులంటే. పాత జీటీఎస్ 450 కార్డుకు లోపలి సాఫ్ట్‌వేర్ (బయాస్) మార్చి 1050టీఐ అని అమ్మినవి నా టేబుల్ మీదికే వచ్చాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అలాంటివాటిని చాలావరకు పట్టేస్తుంది. అరగంట గేమ్ ఆడించి చూడనివ్వని మనిషి దగ్గర కొనకండి. కొత్తదైతే జీఎస్టీ బిల్లు తీసుకోండి, సీరియల్ నంబర్ దాని మీద రాయించుకోండి. బిల్లు లేదంటే వారంటీ మీద ఆశ వదులుకున్నట్టే.

అపోహ: కార్డ్ బాగుంటే మానిటర్ ఏదైనా పర్లేదు

కార్డు సెకనుకు 140 ఫ్రేములిచ్చినా 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. 144 హెర్ట్జ్‌ది కొన్నా విండోస్ సెట్టింగ్స్‌లో 60 మీదే ఉండిపోయిన సిస్టమ్‌లు నెలకు రెండు మూడు చూస్తాను. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి మార్చుకోవాలి.

ఒకసారి ఉప్పల్‌లో ఒక ఇంటికి వెళ్లాను. కొత్త కార్డు పెట్టుకుని ఎనిమిది నెలలైంది, అయినా గేమ్ పాతదానిలాగే నడుస్తోందని ఆ అబ్బాయి బాధ. క్యాబినెట్ వెనక్కి తిప్పి చూస్తే హెచ్‌డీఎంఐ వైరు మదర్‌బోర్డ్ పోర్ట్‌లో ఉంది. 5600జీ కావడంతో డిస్‌ప్లే వస్తోంది, అనుమానం రాలేదు. వైరు తీసి కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్ట్‌లో పెట్టి గేమ్ ఆన్ చేయమన్నాను. కాసేపు ఆడి "అమ్మా, ఒకసారి ఇటు రా" అని వంటింట్లోకి కేకేశాడు. ఆ రోజు నుంచి కార్డు ఉన్న ప్రతి సిస్టమ్‌కూ మదర్‌బోర్డ్ హెచ్‌డీఎంఐ పోర్ట్ మీద చిన్న టేపు ముక్క అంటించి పంపిస్తున్నాను.