సింహాద్రి అప్పన్నకి కోపమా?

చిరంజీవులైన పిల్లలకి, తాతయ్య ఆశీస్సులు.

చందనోత్సవం రోజున టీవీలో సింహాచలం చూస్తూ మీలో చిన్నది ఫోన్లో ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, గంధం తీసేస్తే లోపల నరసింహస్వామి కోపంగా ఉంటాడా? అబద్ధం చెప్తే కళ్ళు తీసేస్తాడా?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. మీ అమ్మానాన్నలు కూడా చదవచ్చు. కళ్ళు పోతాయని చెప్పేది పెద్దవాళ్ళే కదా!

ముందు అప్పన్న, అంటే సింహాచలం నరసింహస్వామి సంగతి. నరసింహస్వామి అనగానే మీ కళ్ళ ముందు క్యాలెండర్ బొమ్మ కదులుతుంది. తెరిచిన నోరు, గోళ్ళు, ఒళ్ళో హిరణ్యకశిపుడు. ఆ బొమ్మనే మనసులో పెట్టుకుని సింహాచలం వెళ్ళినవాళ్ళు గర్భగుడి ముందు నిలబడి తెల్లమొహం వేస్తారు. సింహం లేదు, గోళ్ళూ లేవు. నిండా గంధం పూసిన గుండ్రటి రూపం, అచ్చం శివలింగంలా. "ఇదేంటి, శివాలయానికి వచ్చామా?" అని పక్కవాళ్ళని అడిగేవాళ్ళని నేనే చూశాను.

పుట్టలో కప్పబడిపోయిన స్వామిని పురూరవ చక్రవర్తి వెలికి తీశాడనీ, తీసిన పుట్టమన్ను ఎంతో అంత గంధం పూయమని స్వామే చెప్పాడనీ స్థలపురాణం. ఏడాదికి ఒక్కరోజు, వైశాఖ శుద్ధ తదియ నాడు, చందనోత్సవంలో మాత్రమే నిజరూపం. తెల్లవారకముందే అర్చకులు వెండి బొరిగెలతో ఆ గంధాన్ని పొర పొరగా, ఒంటికి తగలకుండా మెల్లగా ఒలుస్తారు. దర్శనాలయ్యాక కొండ మీది గంగధార నీళ్ళతో సహస్ర ఘటాభిషేకం చేసి మళ్ళీ మూడు మణుగుల గంధం పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మరో మూడేసి మణుగులు. మొత్తం పన్నెండు, అంటే సుమారు 500 కిలోలు. ఇదంతా యంత్రంలో వేసి పొడి కొట్టేది కాదు. రోజుల తరబడి మనుషులు కూర్చుని సానరాయి మీద చెక్క అరగదీస్తారు. కోపిష్ఠి అనుకున్న దేవుడికి మనవాళ్ళు చేసే సేవ చూడండి, చల్లగా ఉంటుందని ఒంటినిండా గంధం!

ఇక కళ్ళు తీసేసే సంగతి. మా పెదనాన్న ఒకాయన ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసేవాడు. పెద్ద మీసాలు. ఆయన్ని మేం చూడకముందే ఆయనంటే మాకు హడల్. అన్నం తినకపోతే "పెదనాన్నకి ఉత్తరం రాస్తా", లెక్కలు తప్పితే "పెదనాన్న రానీ, నీ పని చెప్తా". అలా మా ఇంట్లో ఆయన మనిషిగా కాకుండా బెత్తంగా పెరిగాడు. ఒక వేసవిలో నిజంగానే హోల్డాలు పట్టుకుని దిగాడు. పిల్లలందరం ధాన్యం బస్తాల వెనక్కి దూరాం. ఆయన స్నానం చేసి, పెరట్లో అరుగు మీద కూర్చుని, అక్కడ పడున్న నా బొంగరం తీసుకున్నాడు. మేకు వంకర పోయి ఉంది. దాన్ని పీకి, రాయి మీద సాఫు చేసి, మళ్ళీ దిగ్గొట్టి, తాడు చుట్టి వదిలాడు. అది ఊగకుండా నిలబడి తిరుగుతుంటే ఒక్కొక్కళ్ళం బస్తాల వెనక నుంచి బయటికి వచ్చాం. మధ్యాహ్నానికల్లా మా చిన్న తమ్ముడు ఆయన మీసం పట్టుకు లాగుతున్నాడు!

మరి ఆయనకి కోపమే లేదా అంటే ఉంది. వీధిలో ఎవరో మా తమ్ముడి మీద చెయ్యి చేసుకుంటే ఆ రోజు ఆయన్ని చూడాలి, వీధంతా దద్దరిల్లింది. అయితే ఆ కోపం మా మీద కాదు, మా కోసం. నరసింహుడి కోపమూ అలాంటిదేనని నేననుకుంటాను. భాగవతంలో చూడండి. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి ఉగ్రంగా కూర్చుంటే దేవతలెవరూ దగ్గరికి పోలేదు. లక్ష్మీదేవి కూడా జంకింది. చివరికి బ్రహ్మ ఎవరిని పంపాడు? ప్రహ్లాదుణ్ణి, మీ ఈడు పిల్లాణ్ణి. వాడు తిన్నగా వెళ్ళి సాగిలపడ్డాడు. స్వామి లేవదీసి వాడి తలమీద చెయ్యి పెట్టాడు. నీ కోరలకీ గోళ్ళకీ నాకు భయం లేదని వాడే చెప్పాడు కూడా. పెద్దలందరూ దూరాన్నుంచి చూసింది, పిల్లాడు దగ్గరికెళ్ళి చూసింది ఒకే ముఖం.

మా పెదనాన్నకైతే రైలు దిగేసరికి అసలు సంగతి బయటపడింది. దేవుడు రైలు దిగడు, బొంగరానికి మేకూ కొట్టడు. ఆయనెలా ఉంటాడో పూర్తిగా చెప్పమంటే నా వల్ల కాదు. ఒకళ్ళ మాట విని ఆయన్ని బెత్తంగా మాత్రం చేసుకోకండి. అబద్ధం ఆడకూడదు, నిజమే. ఆ పని దేవుడు కళ్ళు పీకుతాడని మానేస్తే, ఆయన చూడట్లేదనుకున్న రోజున మళ్ళీ ఆడతారు.

దసరా సెలవులకి రండి. నిజరూపం రోజు కాకపోయినా ఫర్వాలేదు, మామూలు రోజుల్లో నింపాదిగా చూడొచ్చు. గుళ్ళో కప్పస్తంభం ఉంది, జనం కోరికలు చెప్పుకుని దాన్ని కౌగిలించుకుంటారు. స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుడి గుళ్ళో స్తంభాన్ని వాటేసుకోవడం నాకెప్పుడూ సరదాగానే ఉంటుంది. మీ చేతులకి అందుతుందేమో చూద్దాం. లోపలికెళ్ళాక నన్ను గానీ నాన్నని గానీ ఏమీ అడక్కండి. ఎవరికి వాళ్ళు చూసి, ఇంటికొచ్చాక ఎవరికి ఎలా కనిపించాడో విడివిడిగా కాగితం మీద రాసివ్వండి. ఒకళ్ళది ఒకళ్ళు చూసి రాయొద్దు. నాన్నని మాత్రం రిజర్వేషన్ తెరవగానే చేయించమనండి, దసరాకి విశాఖ రైళ్ళలో బెర్తులు దొరకవు.

మీ తాతయ్య