రాసినవారు ఎవరి మాట వినాలి?

తోటి రచయిత పెదవి విరిస్తే, పాఠకులు నొచ్చుకుని ఉత్తరం రాస్తే కథకులు ఏం చేయాలన్న తర్జనభర్జన నవలంత పాతది. 1747-48లో ఇంగ్లండులో శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘క్లారిస్సా’ను విడతలుగా వెలువరిస్తుండగానే, నాయికను చంపవద్దని బతిమాలుతూ ఒక పాఠకురాలు మారుపేరుతో ఆయనకు ఉత్తరాలు రాశారు. రిచర్డ్‌సన్ ముగింపు మార్చలేదు. ఆమెతో ఉత్తర ప్రత్యుత్తరాలు మాత్రం ఏళ్ల తరబడి సాగించారు. ప్రతినాయకుడి మీద పాఠకులకు మోజు పెరుగుతోందని గమనించి, అతని దుర్మార్గం తేటతెల్లమయ్యేలా తర్వాతి ముద్రణల్లో పాదసూచికలు చేర్చారు. విన్నారు గానీ లొంగలేదు.

తోటి రచయితల మాటకు పదును ఎక్కువ. 1849 సెప్టెంబరులో ఫ్రెంచి రచయిత గుస్తావ్ ఫ్లాబేర్ సెయింట్ ఆంటోనీ మీద తాను రాసినదాన్ని ఇద్దరు మిత్రులకు చదివి వినిపించారు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నాలుగు రోజులు! పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదని ముందే ఒప్పందం. చివరికి వారిలో ఒకరైన లూయీ బుయే, దాన్ని నిప్పుల్లో పడేయమనీ, ఇక ఆ ఊసే ఎత్తవద్దనీ ఫ్లాబేర్‌కు చెప్పినట్టు రెండో మిత్రుడు మాక్సీమ్ దు కాం తన జ్ఞాపకాల్లో రాశారు. ఫ్లాబేర్ కాల్చలేదు, పక్కన పెట్టారు. 1851లో ‘మదాం బొవారీ’ మొదలుపెట్టారు. ఆ పాత రాతను తిరగరాసి, తిరగరాసి 1874లో అచ్చు వేయించారు. మిత్రులు లోపాన్ని సరిగ్గానే పట్టుకున్నారు, కాల్చేయమనడమే తొందరపాటు.

తోటి రచయిత మాటకూ పాఠకుల మాటకూ తేడా చూడాలంటే చార్లెస్ డికెన్స్ దగ్గర ఆగాలి. 1861లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ప్రూఫులు చదివిన నవలాకారుడు బుల్వర్ లిట్టన్ ముగింపు మార్చమని గట్టిగా చెప్పారు. డికెన్స్ మార్చారు. ఆయన చనిపోయాక జీవితచరిత్ర రాసిన మిత్రుడు జాన్ ఫోర్‌స్టర్ మొదటి ముగింపును బయటపెట్టి, కథ నడకకు అదే తగినదని అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

1863లో ఎలైజా డేవిస్ అనే యూదు మహిళ, ‘ఆలివర్ ట్విస్ట్’లో పిల్లల చేత దొంగతనాలు చేయించే ఫాగిన్ పాత్ర తమవారికి జరిగిన పెద్ద అన్యాయమని డికెన్స్‌కు రాశారు. ఆయన మొదట సమర్థించుకున్నారు. కానీ అక్కడితో వదిలేయలేదు. తర్వాతి నవలలో రయా అనే సజ్జనుడైన యూదు పాత్రను తెచ్చారు. 1867 ముద్రణకు పాత నవలను సవరిస్తూ, ఫాగిన్‌ను ‘యూదుడు’ అని పేర్కొన్న చోట్లను చాలావరకు తీసేశారు. పేరుమోసిన నవలాకారుడి సలహా కంటే ఈ ఉత్తరమే ఆయనకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. లిట్టన్ చెప్పింది తన అభిరుచి. తన కలం ఎవరిని గాయపరిచిందో డికెన్స్‌కు చూపింది ఎలైజా డేవిస్.

అందరూ తట్టుకోలేరు. 1895లో ఇంగ్లిషు రచయిత థామస్ హార్డీ నవల ‘జూడ్ ది అబ్‌స్క్యూర్’ వచ్చాక, దాన్ని నిప్పుల్లో వేశానని వేక్‌ఫీల్డ్ బిషప్ పత్రికకెక్కారు. హార్డీ 1928 దాకా జీవించారు గానీ మరో కొత్త నవల రాయలేదు, కవిత్వానికి మళ్లారు. ఆ అనుభవంతో నవలా రచన మీద ఆసక్తి పూర్తిగా పోయిందని తర్వాత ఆయనే రాసుకున్నారు. అది విమర్శ కాదు, వేట.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వ్యవహారం తరగతి గదిలోకి వచ్చింది. అమెరికాలో 1936లో మొదలైన అయోవా రచయితల వర్క్‌షాపు పేరుతో ముడిపడిన పద్ధతి ఒకటి అంతటా పాకింది: మిగతావారు చర్చిస్తున్నంతసేపూ రాసినవారు నోరు మెదపకూడదు. సమర్థించుకోవాలనే తొందరకు అది మంచి కళ్లెమే. కానీ తమ జీవితం బొత్తిగా తెలియని గది నడుమ మౌనంగా కూర్చున్నప్పుడు, వారి తెలియనితనమే విమర్శగా చెలామణీ అవుతుందని అక్కడి నల్లజాతి, ఆసియా సంతతి రచయితలు అభ్యంతరపెట్టారు. ఇప్పుడు కొందరు అధ్యాపకులు ముందుగా రాసినవారినే మాట్లాడనిస్తున్నారు. ఏ విషయం మీద అభిప్రాయం కావాలో వారే అడుగుతారు, చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది.