చెరువుకూ వయసు మీద పడుతుంది

చిన్నప్పుడు మేం ఈత కొట్టిన చోట ఇప్పుడు జమ్ము మనిషి ఎత్తు దాటి పెరిగింది. ఊళ్లో అందరూ చెరువు పాడైపోయిందంటారు. నిజానికి అది ముసలిదైంది.

కొత్తగా తవ్విన చెరువులో మొదట చేరేది కంటికి ఆనని నాచు. అది చచ్చి అడుగున పేరుకుంటుంది. వానలకు కొట్టుకొచ్చే ఒండ్రు దానికి తోడవుతుంది. ఆ బురదలో వేళ్లు దించి హైడ్రిల్లా లాంటి మొక్కలు నీళ్లలోపలే పెరుగుతాయి. అడుగు ఇంకాస్త మేట వేశాక తామర, కలువ వస్తాయి. వాటి ఆకులు పైన పరుచుకుంటే కిందికి వెలుతురు దిగదు, హైడ్రిల్లా చచ్చిపోతుంది. దాని శవం మీద అడుగు మరింత పైకి లేస్తుంది. ఇలా ఒకదాని వెనక ఒకటి రావడాన్నే అనుక్రమం అంటారు. తన తర్వాత వచ్చేదానికి చోటు సిద్ధం చేసి, తాను మాత్రం చోటు పోగొట్టుకోవడం! ఎన్నిసార్లు చూసినా నాకిది ఆశ్చర్యమే.

తర్వాత వంతు జమ్ముది. ఒక జమ్ము ఆకును మొదలు దగ్గర అడ్డంగా కోసి చూడండి. లోపల చిన్న చిన్న గాలి గదులు వరసగా కనిపిస్తాయి. గాలాడని బురదలో ఉన్న వేళ్లకు ఆక్సిజన్ అందేది ఆ దారినే. బురదలో దుంపలు పాకుతూ పోతాయి, కాడలు ఒండ్రును ఆపుతాయి, ఎండిన ఆకులు అక్కడే కుళ్లుతాయి. గట్టు చెరువులోకి నడిచి వస్తున్నట్టే. నేల తేలాక మన మెట్ట ప్రాంతాల్లో ఎక్కువగా దిగేది సర్కారు తుమ్మ.

సహజమైన సరస్సులో ఇదంతా జరగడానికి వేల ఏళ్లు పట్టొచ్చు. పొలాల ఎరువులు, ఊరి మురుగు కలిస్తే కొన్ని దశాబ్దాలే చాలు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క అనువైన చోట రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. అలాంటి చెరువు దగ్గరికి తెల్లవారుజామున వెళ్లండి. చేపలు నోళ్లు పైకెత్తి గుటకలు వేస్తుంటాయి. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు, కుళ్లే పాచి మాత్రం ఆక్సిజన్‌ను లాగేస్తూనే ఉంటుంది. చేపల చెరువుల రైతులు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు పెట్టేది, ఆ వేళకు టెన్షన్ పడేది ఇందుకే.

మరి కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప చెరువులు 800 ఏళ్లుగా ఎలా నిలిచాయి? కట్ట గట్టిదనం ఒక్కటే సరిపోదు, వాటిని కనిపెట్టుకుని ఉండే మనుషులూ కావాలి. మన పల్లెల్లో ఎండాకాలం చెరువు ఎండితే రైతులు బండ్లు కట్టి పూడిక మట్టిని చెలకల్లో పోసుకునేవారు. నీళ్లు నిలవని ఎర్రనేలకు ఆ బంకమట్టి తేమనీ బలాన్నీ ఇచ్చేది. అంటే ఏటా అనుక్రమాన్ని నాలుగడుగులు వెనక్కి నెట్టేవారన్నమాట. ఆ పని ఆగాక పూడిక పెరిగింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్నది ఆ అవసరంతోనే.

అయితే పూడిక తీసేటప్పుడు జేసీబీతో అంచు దాకా నిలువుగా తవ్వేస్తే నాకు బాధగా ఉంటుంది. మోకాలి లోతు నీళ్లుండే ఆ ఒడ్డులోనే నీటికోళ్లు గూడు కడతాయి, చేపపిల్లలు దాక్కుంటాయి, ఊరి నుంచి వచ్చే మురికిని జమ్ము వేళ్లు కొంత పట్టేస్తాయి. నడిమధ్య లోతు చేసి, ఒక వైపైనా వాలుగా ఒడ్డును వదిలితే, మరుసటి వానకే అక్కడ కొత్త జమ్ము మొలకలు కనిపిస్తాయి.