పోటీ బరిలో చిక్కిన పచ్చ పిట్ట

సుమత్రా దీవి దక్షిణపు కొసన బకౌహెని రేవు ఉంది. జావాకు వెళ్ళే లారీలు, బస్సులు ఫెర్రీ ఎక్కేది అక్కడే. సీట్ల కింద, సరుకు మూటల మధ్య దాచిన ప్లాస్టిక్ బుట్టలు ఆ రేవులో తరచూ పట్టుబడుతుంటాయి. మూత తీస్తే ఒకదాని మీద ఒకటి పడి కిక్కిరిసిన అడవి పిట్టలు. కొన్ని అప్పటికే చచ్చిపోయి ఉంటాయి. వాటిలో ఆకుపచ్చగా మెరిసే పిట్ట కనిపిస్తే అది లీఫ్‌బర్డ్ కావచ్చు. ఇండోనేషియాలో దాన్ని చుచాక్ ఇజో అంటారు. పక్షి శాస్త్రం పుస్తకాల్లో గ్రేటర్ గ్రీన్ లీఫ్‌బర్డ్.

మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో, జావా దీవుల వానాడవుల్లో ఇది ఉంటుంది. గోరువంక కన్నా కాస్త చిన్నది. ఒళ్ళంతా పచ్చ, మగదానికి మాత్రం మొహం, గొంతు నల్లగా ఉంటాయి. ఆడదానికి గొంతు పసుపు, కంటి చుట్టూ పసుపు రింగు. చెట్ల కొసకొమ్మల్లోనే తిరుగుతూ అత్తిపళ్ళు, పురుగులు తింటుంది, పూలలో తేనె తాగుతుంది. ఆకుల్లో కలిసిపోయే పచ్చదనం కాబట్టి కంటికి దొరకడం కష్టం, గొంతును బట్టే పోల్చుకోవాలి. తంటా అక్కడే వచ్చింది. ఆ గొంతులో సొంత పాట ఒక్కటే ఉండదు. పక్కనున్న పిట్టల కూతలన్నీ విని, అచ్చం వాటిలాగే పాడేస్తుంది.

జావాలో పిట్టను పెంచడం నిన్నమొన్నటి సరదా కాదు. ఇల్లు, ఇల్లాలు, గుర్రం, పిట్ట, క్రిస్ అనే వంకర కత్తి, ఈ ఐదూ ఉంటేనే మగవాడి బతుకు నిండుగా ఉన్నట్టని అక్కడి పాత మాట. రాజుల కాలంలో ఆ పిట్ట ఎక్కువగా పెర్‌కుతుత్ అనే చిన్న పావురం. దాని కూత ఇంటికి శుభమని నమ్మేవారు. అంతవరకూ అది ఇంటి వసారాలో వేలాడే పంజరం సంగతే.

1970ల నుంచి లెక్క మారింది. నగరాలు పెరిగాయి, చేతిలో డబ్బు ఆడే మధ్యతరగతి వచ్చింది, కూత పోటీలు ఊపందుకున్నాయి. మైదానంలో ఇనప చట్రానికి పంజరాలు వరుసగా వేలాడదీస్తారు. జడ్జీలు వాటి మధ్య నడుస్తూ గొంతు ఎంత గట్టిగా ఉంది, ఎంతసేపు ఆగకుండా పాడింది, ఎన్ని రకాల కూతలు పలికింది, ఒంటి తీరు ఎలా ఉంది అని చూస్తారు. కంచె బయట యజమానులు తమ పిట్ట నంబరు అరుస్తూ జడ్జీల చూపు తమవైపు తిప్పుకోవాలని చూస్తుంటారు. గెలిస్తే నగదు వస్తుంది, కారో మోటార్ సైకిలో కూడా రావచ్చు. అసలు లాభం మాత్రం గెలిచిన పిట్ట ధర రాత్రికి రాత్రే పెరగడంలో ఉంది.

ఇలాంటి ఆటలో అనుకరించే పిట్టకు ఎక్కడలేని గిరాకీ. చుచాక్ ఇజో యజమాని దాని పంజరం మీద గుడ్డ కప్పి, పక్కన వేరే పాటల పిట్టను వేలాడదీస్తాడు, లేదా ఫోన్‌లో రికార్డింగులు గంటల తరబడి వినిపిస్తాడు. పొద్దున్నే స్నానం, తర్వాత కీచురాళ్ళు, చీమల గుడ్లు, అరటిపండు. పోటీలో పాడుతూ నెత్తి మీద ఈకలు నిక్కబొడిస్తే దానికో ప్రత్యేకమైన మోజు. పిట్టకు ఇంత సేవ చేసే మనిషికి దానిమీద ప్రేమ లేదని నేను అనలేను. కానీ ఆ పంజరంలోకి అది ఎలా వచ్చిందన్నది వేరే కథ.

వేటగాడికి చెట్టు పైకొస దాకా చూడాల్సిన పనే లేదు. పళ్ళు పండిన అత్తిచెట్టు దగ్గర కొమ్మలకు పనస పాలతో చేసిన జిగురు పూసి, ఫోన్‌లో అదే పిట్ట కూత వినిపిస్తే చాలు. పోటీదారు వచ్చాడనుకుని మగది తానే దిగి వస్తుంది. కొన్నిచోట్ల సన్నటి వలలు కడతారు. పిల్ల దశలో మగదీ ఆడదీ ఒకేలా ఉంటాయి కాబట్టి దొరికినవన్నీ మూటగట్టేస్తారు. బజారు చేరేలోపే చాలా పిట్టలు బెదురుతో, ఆకలితో చచ్చిపోతాయి.

జావా అడవుల్లో పిట్టలు తగ్గాక వ్యాపారులు సుమత్రా వైపు, తర్వాత బోర్నియో వైపు మళ్ళారు. 2014 జులైలో వన్యప్రాణుల వ్యాపారం మీద కన్నేసి ఉంచే ట్రాఫిక్ అనే సంస్థ పరిశోధకులు జకార్తాలోని ప్రముకా, జతినెగారా, బారితో బజార్లలో మూడు రోజులు లెక్కపెడితే 206 జాతుల పిట్టలు 19,000కు పైగా తేలాయి. 2015లో సింగపూర్‌లో నిపుణులు సమావేశమై దీన్ని ‘ఆసియా పాటల పక్షుల సంక్షోభం’ అన్నారు. ముప్పులో ఉన్న జీవజాతులను వర్గాలుగా చూపే ఐయూసీఎన్ రెడ్‌లిస్ట్‌లో చుచాక్ ఇజో 2016లో మొదటిసారి ‘వల్నరబుల్’ (ముప్పుకు లోనయ్యే) వర్గంలో చేరింది, ఆ తర్వాత ‘అంతరించే ముప్పున్న’ జాతుల్లోకి దిగింది. 2020లో వెలువడిన మరో అధ్యయనం జావాలో సుమారు 1.2 కోట్ల ఇళ్ళలో 6.6 నుంచి 8.4 కోట్ల పంజరపు పిట్టలు ఉండవచ్చని అంచనా కట్టింది.

చట్టం లేక కాదు. ఇండోనేషియా 1990లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది, 1999లో రక్షిత జాతుల జాబితా ఇచ్చింది. పాటల పిట్టల్లో చాలావాటికి ఆ జాబితాలో చోటు దొరకలేదు. జాబితాలో లేనివాటిని పట్టాలన్నా ఇన్నే పట్టాలని ప్రభుత్వం ఇచ్చే కోటా ఉండాలి, కానీ కోటా సంగతి బజారులో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2018 జూన్‌లో కొత్త జాబితా వచ్చింది, లీఫ్‌బర్డ్‌లు అందులో చేరాయి. పెంపకందారులు, పోటీల నిర్వాహకులు గొడవ చేశారు. రెండు నెలలు తిరక్కముందే మంత్రిత్వ శాఖ వెనక్కి తగ్గి మురాయి బాతు (వైట్-రంప్డ్ షామా), చుచాక్ రావా (స్ట్రా-హెడెడ్ బుల్‌బుల్) వంటి పోటీల మేటి పిట్టలను జాబితా నుంచి తీసేసింది. చుచాక్ ఇజో మాత్రం అందులోనే మిగిలింది. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రకు మలుపు ఆ జూన్ ఉత్తర్వు కాదు, ఆగస్టు వెనకడుగే. గట్టిగా అరిస్తే జాబితా మారుతుందని అందరికీ తెలిసిపోయింది.

2022లో పనామాలో జరిగిన సైటిస్ (ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) సమావేశం చుచాక్ రావా అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపుగా మూసేసింది, మురాయి బాతును నియంత్రణలోకి తెచ్చింది. ఆ సమావేశం చేర్చిన జాతుల్లో చుచాక్ ఇజో లేదు. ఉన్నా ఒరిగేది కొంతే, ఎందుకంటే సుమత్రా నుంచి జావాకు పిట్ట పోతే దేశ సరిహద్దు దాటినట్టు కాదు.

పంజరంలోనే పొదిగించి పెంచితే సరిపోదా అని అడుగుతారు. లవ్‌బర్డ్ విషయంలో అది జరిగింది. ఆ మోజు ఎంత పెరిగినా ఇండోనేషియా అడవికి దెబ్బ తగల్లేదు. చుచాక్ ఇజో దగ్గర ఆ సూత్రం సరిగా పనిచెయ్యట్లేదు. ఒక పంజరంలో పెట్టిన జంట తన్నుకుంటాయి, పొదిగినా పిల్లలు బతికి పాడే వయసుకు రావడానికి ఖర్చు, ఓపిక రెండూ కావాలి. అడవి నుంచి వచ్చింది అంతకన్నా చవక. పెంపకంలో పుట్టినట్టు కాలికి రింగు ఉన్న పిట్టలకు కొన్ని పోటీల్లో వేరే విభాగాలు పెట్టారు. మిగతా విభాగాల్లో రింగు అడిగేవాళ్ళు లేరు, పెద్ద బహుమతులు చాలావరకు అక్కడే ఉన్నాయి.