గుండెను ఆపి, మళ్లీ కొట్టించిన పెద్దాయన

చిట్టీ, బుజ్జీ,

మీ బడిలో తోటి పిల్లలు తమ చర్చి పెద్ద పోయారని దిగులు పడుతున్నారనీ, ఆయన ఎవరో చెప్పమనీ అడిగారు కదా. సాల్ట్ లేక్ సిటీలో ఉన్న మీరు ఆ ఊరి మనిషి గురించి హైదరాబాదులో ఉన్న నన్ను అడగడం విచిత్రమే. అయినా సరైన మనిషినే అడిగారు. నా ఛాతీ మీది నిలువు గీతను చూసి ‘తాతయ్య జిప్పు’ అని నవ్వుతారు కదా, దానికీ ఆయనకూ దూరపు చుట్టరికం ఉంది.

ఆయన పేరు రసెల్ ఎం. నెల్సన్. 1924లో మీ ఊళ్లోనే పుట్టారు, 2025 సెప్టెంబరు 27న, 101 ఏళ్ల వయసులో, అక్కడే కన్నుమూశారు. ఆయన నడిపిన సంఘాన్ని అందరూ మోర్మన్ చర్చి అంటారు. ఆ పిలుపు ఆయనకు నచ్చేది కాదు. ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’ అని పూర్తి పేరే పలకాలని 2018లో పట్టుబట్టారు. నోరు తిరగడానికి కాస్త సాధన కావాలి కానీ, మీ స్నేహితుల దగ్గర ఆ పేరే వాడండి.

ఆయన అమ్మానాన్నలు అప్పట్లో చర్చికి అంతగా వెళ్లేవారు కాదు. ఆ మతంలో మద్యం నిషిద్ధం. ఇంట్లో సీసాలు కంటపడితే ఈ పిల్లవాడు వాటిని కింది గదిలో కాంక్రీటు గోడకు కొట్టి పగలగొట్టాడట. వాళ్లకు కాఫీ కూడా నిషిద్ధమే. అలాగని మీరు వచ్చినప్పుడు నా ఫిల్టరు జోలికి మాత్రం రాకండి.

22 ఏళ్లకే డాక్టరయ్యారు. గుండెను ముట్టుకుంటే ఆగిపోతుంది, ముట్టుకోకూడదు అని నేర్పే రోజులవి. అందులోనూ ఒక చిక్కుంది. గుండెను కోసి బాగుచేయాలంటే అది కదలకుండా ఉండాలి. అది కదలకపోతే మెదడుకు రక్తం అందదు. అందుకని కాసేపు గుండె పనీ ఊపిరితిత్తుల పనీ చేసిపెట్టే యంత్రాన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో తయారు చేశారు. ఆ బృందంలో నెల్సన్ ఒకరు. 1951లో దాన్ని మొదటిసారి మనిషికి వాడినప్పుడు రోగి బతకలేదు. వాళ్లు ఆ పని వదిలిపెట్టలేదు. 1955లో మీ రాష్ట్రమైన యూటాలో మొట్టమొదటి ఓపెన్ హార్ట్ ఆపరేషన్ చేసింది నెల్సనే. గుండెకు వెళ్లే రక్తంలో పొటాషియం క్లోరైడ్ కలిపితే గుండె ఆగుతుంది, మామూలు రక్తంతో కడిగేస్తే మళ్లీ కొట్టుకుంటుంది. అది లెక్క తప్పకుండా జరగడమే ఆయనకు దేవుడి నియమంలా కనిపించేది.

ఇకపై చెప్పేది కాస్త బాధ కలిగించే సంగతి. ఒకే కుటుంబంలో ఇద్దరు పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు, ఆయన ఆపరేషన్ చేశాక చనిపోయారు. ఆ రాత్రి ఆయన ఇంట్లో నేల మీద పడి ఏడ్చారు, ఇక కత్తి పట్టనన్నారు. భార్య డాంట్జెల్ ఓదార్పు మాటలు చెప్పలేదు. మీరు మానేస్తే మీకు తెలిసిందంతా మరొకరు మొదటి నుంచి నేర్చుకోవాలి కదా అని అడిగారు. ఆయన మర్నాడు తిరిగి పనిలోకి వెళ్లారు. పదిమంది పిల్లల తల్లి ఆమె. ఈ కథలో నాకు ఆయనకంటే ఆమే పెద్దగా కనిపిస్తారు.

అలా తిరిగి వెళ్లబట్టే 1972లో స్పెన్సర్ కింబల్ అనే 77 ఏళ్ల సంఘపెద్దకు గుండె కవాటం మార్చగలిగారు. ఇక చాలు, పోవడానికి సిద్ధంగా ఉన్నానన్న ఆ ముసలాయన మరుసటి ఏడాది సంఘానికే అధ్యక్షుడయ్యారు. 1978లో నల్లజాతివారికి యాజకత్వం, అంటే మతకార్యాలు జరిపే అధికారం, ఇవ్వకూడదన్న పాత నిషేధాన్ని ఎత్తేసింది ఆయనే.

1984లో నెల్సన్‌ను అపొస్తలుడిగా, అంటే సంఘాన్ని నడిపే పెద్దల్లో ఒకరిగా, పిలిచారు. దాంతో వైద్యం వదిలేశారు. ఆఖరి ఆపరేషన్ 1985లో చైనాలో, ఒక పేరున్న ఒపేరా గాయకుడికి చేశారు. 2018లో, 93 ఏళ్ల వయసులో, అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో ఉండగా 200 కొత్త దేవాలయాలు ప్రకటించారు, బెంగళూరుది వాటిలో ఒకటి. మన హైదరాబాదుకూ లంకె ఉంది. వాళ్ల సంఘంలో ‘స్టేక్’ అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి. భారతదేశంలో మొదటిది 2012లో ఇక్కడే ఏర్పడింది. దాన్ని ఏర్పాటు చేసిన డాలిన్ ఓక్సే ఇప్పుడు నెల్సన్ స్థానంలోకి వచ్చారు.

నెల్సన్ చేసిన ప్రతిదీ నాకు నచ్చిందనుకోకండి. ఒకే లింగానికి చెందిన జంటల ఇళ్లలో పెరిగే పిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదని 2015లో ఆ సంఘం నియమం పెట్టింది. అది దేవుడి మాటేనని నెల్సన్ సమర్థించారు. 2019లో ఆయన హయాంలోనే దాన్ని తీసేశారు. మధ్యలో ఆ పిల్లలు పడ్డ బాధ మాటేమిటి?

నా ఆపరేషనైన రెండో రోజు, నా గుండెను ఎంతసేపు ఆపారని మా డాక్టరుగారిని అడిగాను. 70 నిమిషాలన్నారు. అంతసేపూ మంచం పక్కన ఒక యంత్రం నా బదులు పనిచేసిందన్నమాట.

అన్నట్టు, ఆదివారం సమావేశాన్ని మూడు గంటల నుంచి రెండు గంటలకు తగ్గించింది కూడా నెల్సనే. ఆ రోజు మీ స్నేహితుల ఇళ్లలో ఎంత సందడి చేశారో అడిగి నాకు రాయండి.

మీ తాతయ్య