సినాత్రా మొదటి ఆల్బమ్: జనం నమ్మేవి కొన్ని, అసలు జరిగింది ఇంకొన్ని

పాత 78 ప్లేట్లని, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డుల్ని, డిజిటల్‌లోకి ఎక్కించడం నా పని. ఎక్కువగా మన పద్యనాటకాల సెట్లు, పాత సినిమా పాటలు వస్తాయి గానీ అమెరికా నుంచి వచ్చిన మనవాళ్ళు అక్కడ కొన్న ఇంగ్లీష్ ప్లేట్లు కూడా అప్పుడప్పుడు పట్టుకొస్తుంటారు. అందులో అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాత్రా పేరు ఉందా, ఇక ప్లేటుతో పాటు నాలుగు కథలు కూడా ఫ్రీ. వాటిలో మాటిమాటికీ వినబడేవి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఆయన ఫస్ట్ ఆల్బమ్ 1954లో క్యాపిటల్ కంపెనీ వేసిన 'సాంగ్స్ ఫర్ యంగ్ లవర్స్'.

అది క్యాపిటల్‌లో మొదటిది, అంతే. అసలు మొదటిది 'ద వాయిస్ ఆఫ్ ఫ్రాంక్ సినాత్రా', కొలంబియా వాళ్ళు 1946 మార్చి 4న రిలీజ్ చేశారు. అప్పటికి ఎల్పీ, అంటే ఒక్కో వైపు చాలా పాటలు పట్టే లాంగ్ ప్లే రికార్డు, ఇంకా మార్కెట్లోకి రాలేదు కాబట్టి ఇది నాలుగు పది అంగుళాల 78 ప్లేట్ల సెట్టు, అట్టబైండు పుస్తకంలో జేబుల్లాంటి కాగితం కవర్లు, ఒక్కో కవర్లో ఒక్కో ప్లేటు, ఒక్కో వైపు ఒక్క పాట, మొత్తం ఎనిమిది. పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది, ప్లేట్లు దానంతటదే మార్చే ఆటోమేటిక్ ఛేంజర్ లేని ఇంట్లో అయితే లేచి ప్లేటు తిప్పుకోవాల్సిందే. 1948లో కొలంబియా ఎల్పీని తెచ్చినప్పుడు పాప్ పాటల్లో మొట్టమొదటి పది అంగుళాల ఎల్పీగా వేసింది ఈ సెట్టునే, నంబర్ సీఎల్ 6001. ఆ ఎల్పీ చేతికి దొరికినవాళ్ళేమో ఇది 1948 ఆల్బమ్ అని వాదిస్తారు, అదింకో తలనొప్పి.

అపోహ: అప్పటికే హిట్టయిన పాటలన్నీ పోగేసి సెట్టు కట్టేశారు.

ఇది నమ్మడం తేలికే, ఎందుకంటే అప్పటికి ఆయన క్రేజ్ అలాంటిది, 1944 అక్టోబర్‌లో న్యూయార్క్ పారమౌంట్ థియేటర్ దగ్గర అమ్మాయిలు వేలల్లో వచ్చి రోడ్లు బ్లాక్ చేసేశారు. కానీ ఈ ఎనిమిదీ సెట్టు కోసమే పాడినవి, రెండంటే రెండు సిట్టింగుల్లో. 1945 జూలై 30న హాలీవుడ్‌లో నాలుగు, డిసెంబర్ 7న న్యూయార్క్‌లో నాలుగు. మొదటి నాలుగు పాడేనాటికి జపాన్‌తో యుద్ధం ఇంకా నడుస్తోంది, రెండో సిట్టింగు నాటికి అది ముగిసిపోయింది, ఆయనకి ముప్పై నిండడానికి ఐదు రోజులుంది. ఇంకో సంగతి, ఎనిమిదిలో ఒక్కటి కూడా కొత్త పాట కాదు! 'సమ్‌వన్ టు వాచ్ ఓవర్ మీ' 1926 నాటిది, అన్నిటికంటే కొత్తదైన 'యూ గో టు మై హెడ్' కూడా 1938 నాటిదే. టీనేజ్ పిల్లలు ఎగబడుతున్న టైంలో కుర్రాడు వెళ్ళి వాళ్ళ అమ్మానాన్నల కాలం పాటలు ఎత్తుకున్నాడు, అయినా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో ఏడు వారాలు నంబర్ వన్‌లో కూర్చుంది.

అపోహ: వెనకాల పెద్ద ఆర్కెస్ట్రా ఉంది.

సినాత్రా అనగానే అందరి చెవుల్లో మోగేది యాభైల నాటి బిగ్ బ్యాండ్ మోత, అందుకే ఈ పొరపాటు. ఇందులో ఉన్నది నాలుగు తీగ వాయిద్యాల క్వార్టెట్, దానికి పియానో, గిటార్, బేస్, డ్రమ్స్, పైన ఒక్క ఊదే వాయిద్యం, హాలీవుడ్‌లో ఫ్లూట్, న్యూయార్క్‌లో ఓబో. ఆ ఓబో వాయించింది మిచ్ మిల్లర్, తర్వాత కొలంబియా పాప్ విభాగానికి పెద్ద అయి సినాత్రాకి ససేమిరా పడనివాడైంది ఈయనే. అరేంజ్‌మెంట్, అంటే ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసే పని, అంతా ఆక్సెల్ స్టోర్డాల్, సినాత్రా ఇంతకుముందు పాడిన టామీ డోర్సీ బ్యాండ్ రోజుల నుంచీ ఆయనతో ఉన్న మనిషి. నా మటుకు నాకు ఈ ఆల్బమ్ గొప్పంతా ఈయన చేతి పొదుపులోనే ఉంది, గొంతు చుట్టూ ఎంత ఖాళీ వదిలాడంటే పాడేవాడు ఎక్కడా దాక్కోలేడు.

అపోహ: క్రూనర్ (సినాత్రాలా మైకులో మెత్తగా పాడేవాడు) అంటే గొంతులో పస లేనోడు, అంతా మైకు మాయ.

సగం నిజం, అందుకే చచ్చినా పోవట్లేదు. 1925లో మైకుతో చేసే ఎలక్ట్రికల్ రికార్డింగ్ రాకముందు పాడేవాళ్ళు గొట్టంలోకి గట్టిగా పాడాలి, మన స్టేజి నటులు మైకు లేని రోజుల్లో చివరి వరస దాకా పద్యం ఎత్తినట్టే. మైకు వచ్చాక చెవి దగ్గర మాట్లాడినట్టు పాడొచ్చని బింగ్ క్రాస్బీ వాళ్ళు చూపించారు, సినాత్రా ఆ మైకుని ఒక వాయిద్యంలా వాడుకున్నాడు, ఎక్కడ దగ్గరికి రావాలో ఎక్కడ కాస్త పక్కకి జరగాలో లెక్క తెలిసినవాడు. కానీ మైకు ఊపిరినివ్వదు కదా. డోర్సీ ట్రాంబోన్ వాయిస్తుంటే వెనక కూర్చుని ఆయన గాలి ఎక్కడ పీల్చుకుంటున్నాడో గమనించి నేర్చుకున్నానని, ఊపిరి కోసం నీళ్ళలో ఈతలు కొట్టేవాణ్ణని సినాత్రానే చెప్పుకున్నాడు. పైగా ఆ రోజుల్లో స్టూడియోలో టేపు లేదు, ముక్కలు అతికించడం లేదు, గొంతు విడిగా వాద్యాలు విడిగా తీయడం అసలే లేదు. అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించాలి, అది తిన్నగా డిస్కు మీదకి కోతపడుతుంది, చివరి లైన్లో తప్పినా మళ్ళీ మొదట్నుంచే. గొంతులో పస లేనోడు ఈ పద్ధతిలో పావుగంటలో దొరికిపోతాడు.

అపోహ: ప్రపంచంలోనే తొలి కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ ఒకే విషయం లేదా ఒకే మూడ్ చుట్టూ అల్లినది) ఇదే.

ఫ్యాన్స్‌కి కోపం వచ్చినా సరే, కాదు. జానపద గాయకుడు ఉడీ గత్రీ దుమ్ము తుఫాన్ల పాటల సెట్టు 1940లోనే వచ్చింది. 1939లో గాయని లీ వైలీ ఒక్క జార్జ్ గెర్ష్విన్ అనే స్వరకర్త పాటలతోనే సెట్టు పాడింది. కాకపోతే మొదట్నుంచి చివరిదాకా ఒకే మూడ్, ఒకే అరేంజరు, ఒకే సైజు గ్రూపు, ఇంత పెద్ద స్టార్ ఆ పద్ధతిలో సెట్టు చేసి జనంతో కొనిపించడం మాత్రం మామూలు విషయం కాదు, ఆ క్రెడిట్ చాలు కదా, 'తొలి' అనే తోక ఎందుకు?

ఇక నా దగ్గరికి రోజూ వచ్చేది: "78 కదండీ, గరగరలాడుతుంది, గొంతు కూడా బొంగురుగానే ఉంటుంది." అమెరికాలో కొలంబియా ప్లేట్లు లామినేటెడ్, లోపల మోటు సరుకు, పైన నున్నటి షెల్లాక్ (లక్క) పొర, కాబట్టి బాగున్న కాపీ అయితే ఆశ్చర్యపోయేంత నిశ్శబ్దంగా తిరుగుతుంది. గరగర సగం మనం పెట్టుకునే ముల్లు వల్ల వస్తుంది. ఎల్పీ ముల్లు 78 గాడికి చాలా సన్నం, అడుగున ఉన్న మట్టిలో దేకుతూ పోతుంది, 78కి దాదాపు మూడు రెట్లు లావు మొన ఉన్న ముల్లు కావాలి. ఇక బొంగురు సంగతి. ఇప్పటి ఫోనో ప్రీఆంప్‌లు (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టెలు) చాలావరకు 1954లో ఖాయమైన ఆర్ఐఏఏ అనే అమెరికా రికార్డు కంపెనీల ఉమ్మడి లెక్కతో బేస్‌ని 500 హెర్ట్జ్ కింద నుంచే పెంచడం మొదలెడతాయి. కొలంబియా 78లకి ఆ గీత 300 హెర్ట్జ్ దగ్గరుండాలి. ఆ తేడా చూడకుండా వినిపిస్తే సినాత్రా ఛాతీలోంచి గుమ్మున మాట్లాడే మనిషిలా వినబడతాడు, లెక్క సరిచేయగానే గొంతు తేలికై, పైన క్వార్టెట్ విడిగా తెలుస్తుంది. యూట్యూబ్‌లో ఎవరో ఇంట్లో ఎక్కించిన 78 క్లిప్పులు విని "అప్పటి గొంతు లావు" అనేవాళ్ళు చాలావరకు వింటున్నది ఈ తప్పు లెక్కనే.

సెట్టు దొరికితే కొనేముందు ప్లేటుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి, లామినేషన్ కింద వెంట్రుకలాంటి గీతలుంటే ముల్లు అక్కడికి వచ్చిన ప్రతిసారీ టిక్కుమంటుంది. తుడవడానికి సీడీలకి వాడే స్పిరిట్ మాత్రం పొయ్యకండి, ఆల్కహాల్ తగిలితే షెల్లాక్ కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క మైల్డ్ సోపు, మెత్తటి గుడ్డ, లేబుల్ మాత్రం తడవకూడదు.