ఫ్రాంక్లిన్ ఇంటి చోట ఉక్కు గీతలు

పిల్లలూ,

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మీకు ఉరుముల వానలో ఎగరేసిన గాలిపటం గుర్తొస్తుంది. ఆయన ఇంటి స్థలం అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, మార్కెట్ వీధి వెనక ఉంది. ఇల్లు మాత్రం లేదు. 1812లో వారసులే పడగొట్టి ఆ జాగాలో అద్దె ఇళ్లు వేశారు. ఇప్పుడక్కడ ఉన్నది తెల్లరంగు వేసిన ఉక్కు గొట్టాల చట్రం. గోడల అంచులు, కప్పు వాలు, పొగగొట్టాలు ఎక్కడుండేవో అక్కడ గొట్టాలు సాగుతాయి. తలుపూ కిటికీ ఏమీ ఉండవు, తలెత్తితే ఆకాశమే. అందుకే దాన్ని ఘోస్ట్ హౌస్ అంటారు (దయ్యాలేమీ లేవు, భయపడకండి). అమెరికా స్వాతంత్ర్యానికి రెండొందల ఏళ్లు నిండిన 1976లో రాబర్ట్ వెంచూరి, డెనిస్ స్కాట్ బ్రౌన్‌ల సంస్థ దీన్ని రూపొందించింది.

పాత ఇంటినే మళ్లీ కట్టొచ్చు కదా అని అడుగుతారు. కట్టడానికి తెలిసినదెంతో చూడండి. పని 1763లో మొదలైంది, కట్టించిన మేస్త్రి రాబర్ట్ స్మిత్. 1766లో అగ్నిప్రమాద బీమా కోసం కొలిచినవాళ్లు పక్కకు 34 అడుగుల చతురస్రం, మూడంతస్తులు అని రాసుకున్నారు. ఫ్రాంక్లిన్ లండన్‌లో ఉండగా భార్య డెబొరా ఏ గదిలో ఏముందో ఉత్తరాల్లో రాసింది. నిజానికి ఆ ఇంట్లో ఆయనకంటే ఆవిడే ఎక్కువ కాలం ఉంది. తవ్వకాల్లో పునాదులు దొరికాయి. కానీ ఇల్లు బయటికి ఎలా కనిపించేదో చూపే బొమ్మ ఒక్కటీ లేదు. ఊహించి కడితే చూసేవాళ్లు అదే అసలు ఇల్లనుకుంటారు. తెలిసిన కొలత వరకే గీసి మిగతాది ఖాళీగా వదలడం నాకు నచ్చిన పని.

ఖాళీ అంటే చూడ్డానికేమీ లేదని కాదు. డెబొరా, ఫ్రాంక్లిన్ రాసుకున్న మాటలు కాళ్ల కింద రాతి పలకల మీద చెక్కి ఉంటాయి. కాంక్రీటు గూళ్లలోంచి వంగి చూస్తే అసలు పునాది గోడలు, మరుగుదొడ్డి గోతులు కనిపిస్తాయి. ఆ గోతులంటే ముక్కు మూసుకోకండి. పగిలిన పింగాణీ, సీసాలు జనం అందులోనే పడేసేవారు, తవ్వేవాళ్లకు అవే నిధి.

ఇక ఉక్కు సంగతి. చలికాలానికీ ఎండాకాలానికీ 40 డిగ్రీల తేడా ఉంటే 34 అడుగుల గొట్టం దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే ఇలాంటి చట్రాలకు రంగు ముందుగా అతుకుల దగ్గరే చిట్లుతుంది. ఆ చీలికలోంచి నీళ్లు దిగితే తుప్పు లోపల మొదలవుతుంది, బయటికి తెలిసేసరికి గొట్టం పలచబడిపోతుంది. లోపల నిలిచిన నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బి గొట్టాన్నే చీల్చగలవు. కాబట్టి అతుకులు పూర్తిగా మూసెయ్యాలి, లేదంటే అడుగున నీళ్లు పోయే బెజ్జం పెట్టాలి. సగం మూసి వదిలేయడమే అన్నిటికన్నా చెడ్డ పని.

ఆ ఇల్లెంతుండేదో మీ బడి ఆవరణలో ముగ్గు పోసి చూసుకోవచ్చు. ముందు నేల మీద నీళ్లు చల్లండి, లేకపోతే గాలికి పిండి లేచిపోతుంది. ఒక మేకు దిగ్గొట్టి, 34 అడుగుల దూరంలో రెండోది కొట్టి దారం కట్టండి. మూల కోసం మొదటి మేకు నుంచి ఈ దారం మీద 9 అడుగుల దగ్గర గుర్తు పెట్టండి. అదే మేకు నుంచి రెండో దారం పక్కకు లాగి, దాని మీద 12 దగ్గర ఇంకో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య సరిగ్గా 15 అడుగులు వచ్చేదాకా రెండో దారాన్ని జరపండి. తాపీమేస్త్రులు పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల చూసేది ఇలాగే. ఇలాగే ప్రతి పక్కా 34 అడుగులు ఉండేలా నాలుగు మేకులూ కొట్టాక ఎదురెదురు మూలలు కొలవండి. రెండూ 48 అడుగుల 1 అంగుళం రావాలి. నాలుగు పక్కలూ 34 వచ్చినా ఈ రెండూ సమానం కాకపోతే ఇల్లు గాలిపటంలా పక్కకు వాలినట్టే. అప్పుడు ముందు మూలనే మళ్లీ చూడండి. దారం సాగేదైతే కొలత తప్పుతుంది, పురికొస వాడండి. టేపు మధ్యలో జారిపోకుండా ఒకరు పట్టుకోవాలి.

మీ తాతయ్య